ఎడమ చేతుల వరస

ఇంగ్లీషు మేడం సంచిలో దువ్వెన లేని రోజులుంటాయి, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయిన రోజులుంటాయి. వంతుల పుస్తకం లేని రోజు మాత్రం ఉండదు. నీలం అట్ట వేసి, అంచులు నలగకుండా టేపు అంటించిన ఆ పొడుగు పుస్తకంలో పదో తరగతి పిల్లలు ముప్ఫై రెండు మంది పేర్లూ ఉంటాయి. క్లాసులో ఎవరు లేచి ఇంగ్లీషులో నోరు విప్పినా వాళ్ళ పేరు ఎదురుగా ఒక టిక్కు పడుతుంది. పాఠంలోది పైకి చదివితే టిక్కు పక్కన చిన్న 'చ'. ఏడాది చివర ఎన్ని టిక్కులుంటే అన్ని మాట్లాడే మార్కులు. పాతిక దాటితే పాతికే. మిగతా టీచర్లు తోచిన అంకె వేసి చేతులు దులుపుకుంటుంటే, ఎవరడిగినా లెక్క చూపించగలిగేది తనొక్కతేనని ఆవిడకి లోపల్లోపల గర్వం. మొహం చూసి మార్కులెయ్యనని స్టాఫ్‌రూములో ఎన్నిసార్లు అందో చెప్పలేం. అది నిజం కూడా. ఆవిడ ఎవరి మొహమూ చూడలేదు.

ఆ సోమవారం భోజనాల గంటలో ఆవిడ టిఫిన్ డబ్బా మూతైనా తియ్యకుండా ఒక ఫారం ముందేసుకుని కూర్చుంది. ఇంగ్లీషు క్లాసుల్లో ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ సమానంగా చూడాలన్న అవగాహన పెంచడానికి శిక్షణ కేంద్రం వాళ్ళు 'సమాన తరగతి' అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. గురువారం ఇద్దరు పరిశీలకులు వచ్చి ఆవిడ పాఠం చూస్తారు. నచ్చితే బడికి ప్రశంసాపత్రం. ఫారంలో ఏడో ప్రశ్న, ఈ ఏడాది మీ తరగతిలో మగపిల్లలు ఎన్నిసార్లు మాట్లాడారు, ఆడపిల్లలు ఎన్నిసార్లు మాట్లాడారు అని. ఇంకొకరైతే గాల్లోంచి రెండంకెలు తీసి పడేసేవారు. ఆవిడ దగ్గర పుస్తకం ఉందాయె.

పుస్తకంలో మగపిల్లల పేర్లన్నీ ఒక పేజీలో, పేజీ తిప్పితే ఆడపిల్లల పేర్లు. రెండూ ఎప్పుడూ ఒకేసారి కంటపడవు. పెన్సిలు మొనతో అయిదేసి టిక్కుల చొప్పున లెక్కపెట్టుకుంటూ పోయింది. మగపిల్లలవి మూడువందల యాభై రెండు. పేజీ తిప్పి ఆడపిల్లలవి లెక్కపెట్టింది. నూట అరవై మూడు.

ఎక్కడో ఒక వరస దాటేసి ఉంటాననుకుని మళ్ళీ మొదట్నించీ లెక్కపెట్టింది. నూట అరవై మూడే. పైగా అందులో సగానికి మించి టిక్కుల పక్కన 'చ' ఉంది. అంటే ఆ పిల్లలు సొంతంగా మాట్లాడింది కాదు, అచ్చులో ఉన్నది అప్పజెప్పింది. మగపిల్లల పేజీలో 'చ' కోసం వెతుక్కోవాల్సొచ్చింది. క్లాసంతా 'మైకు' అని పిలిచే కుర్రాడికి ఒక్కడికే నలభై ఒక్క టిక్కులు. ఆడపిల్లల పేజీలో చివరి పేరు దగ్గర పెన్సిలు ఆగింది. తొమ్మిది.

ఆ పిల్లని బడిలో అందరూ 'ఇస్త్రీ పిల్ల' అంటారు. తల్లికి బజారు చివర లాండ్రీ ఉంది. రాత పరీక్షల్లో మూడేళ్ళుగా క్లాసు మొత్తం మీద ఆ పిల్లదే మొదటి మార్కు. ఆ పిల్ల రాసిన కాగితం కూడా ఇస్త్రీ చేసినట్టే ఉంటుందని దిద్దేటప్పుడు మేడం నవ్వుకునేది. పోయిన నెల వచ్చి, ఊళ్ళో హాస్టల్ కాలేజీలో ఇంగ్లీషు కోర్సుకి దరఖాస్తు పెట్టుకుంటానని చెప్పింది. చదువు, తిండి, మంచం అన్నీ వాళ్ళే చూసుకుంటారు. కాకపోతే మాట్లాడే మార్కులు పాతికకి పదిహేనైనా ఉండాలి, లేకపోతే దరఖాస్తు కవరు విప్పను కూడా విప్పరు. 'నీకేంటమ్మా, బాగా రాస్తావు,' అని భుజం తట్టి పంపేసింది మేడం. ఆ తర్వాత వారం తిరక్కుండానే తన చేత్తోనే, నీలం సిరాతో, ఆ పేరు ఎదురుగా తొమ్మిది వేసి జాబితా జిల్లా ఆఫీసుకి పంపింది. అప్పుడు ఆ రెండు సంగతులూ ఆవిడ బుర్రలో ఒకచోట కలవలేదు.

గంట కొట్టారు. తినని డబ్బా సంచిలో పెట్టుకుని, గోడకానించిన బొమ్మల అట్ట చుట్టి చంకలో పెట్టుకుని క్లాసుకి నడిచింది.

గురువారం పాఠానికి వారం నుంచీ రిహార్సల్స్ జరుగుతున్నాయి. చూడ్డానికి పెద్దవాళ్ళొచ్చే పాఠాన్ని ముందుగా నాలుగైదుసార్లు నడిపించడం ఆ బళ్ళో కొత్తేమీ కాదు. ఏ ప్రశ్న ఎవరినడగాలో, ఎవరేం చెప్పాలో అంతా ఖాయం. అట్ట మీద విమానం నడిపే ఆడమనిషి, చంటిబిడ్డకి అన్నం కలుపుతున్న మగమనిషి, బస్సు కింద దూరి నట్లు బిగిస్తున్న ఆడపిల్ల బొమ్మలున్నాయి. మూడు ఆదివారాలు కూర్చుని మేడం రంగులేసిన బొమ్మలు. బొమ్మ చూపించి ఇంగ్లీషులో ప్రశ్న వేస్తే, మొత్తం ముప్ఫై రెండు చేతులూ లేవాలి. ఒక్క చెయ్యి లేవకపోయినా చూసేవాళ్ళకి లోటుగా కనిపిస్తుంది. అందుకని ఎనిమిదో తరగతిలోనే ఆవిడ పిల్లలకి ఒక ఏర్పాటు నేర్పింది. జవాబు తెలిసినవాళ్ళు కుడి చెయ్యెత్తాలి, తెలియనివాళ్ళు ఎడమ చెయ్యెత్తాలి. కుడి చేతుల్లోంచే ఆవిడ పిలుస్తుంది. పరువు దక్కుతుంది, పిల్లలకీ ఇబ్బంది ఉండదు. పెద్దవాళ్ళ కోసం మొదలుపెట్టింది మామూలు రోజుల్లో కూడా అలవాటైపోయింది.

మేడం మొదటి బొమ్మ చూపించింది. చేతులు లేచాయి. రోజూ చూసేవే. ఆ రోజు మాత్రం ఆవిడ పిలవకుండా ఒక్క క్షణం ఆగి చూసింది. కిటికీ వైపు బెంచీల్లో మగపిల్లలవి దాదాపు అన్నీ కుడి చేతులు, కొందరు బెంచి మీంచి పైకి లేచి మరీ ఊపుతున్నారు. గోడ వైపు బెంచీల్లో ఆడపిల్లలవి పదహారూ ఎడమ చేతులు. ఒక్కటీ వంగలేదు, ఊగలేదు. చివరి బెంచీలో ఇస్త్రీ పిల్లది ఎడమ చెయ్యి. దాని పక్కన కూర్చునే, ఎప్పుడూ చెవిలో తప్ప మాట్లాడదని 'గుసగుస' అని పేరు పడ్డ పిల్లదీ ఎడమ చెయ్యే.

రాత పరీక్షలో తొంభై దాటే పిల్లకి ఆ బొమ్మలో విమానం నడుపుతున్నది ఎవరో తెలియదా?

అలవాటుగా ఆవిడ మైకునే పిలిచింది. వాడు లేచి, గొంతు సవరించుకుని, ఆడపిల్లలకీ మగపిల్లలకీ సమానంగా అవకాశాలివ్వాలని, ఆడవాళ్ళు తమ గొంతు వినిపించాలని, ఇంగ్లీషులో ఆరు వాక్యాలు గడగడా అప్పజెప్పాడు. వారంలో వాడు ఆ మాటలనడం అది అయిదోసారి. గోడ వైపు బెంచీలు అయిదోసారి వింటున్నాయి. మేడం చెయ్యి దానంతటదే సంచిలోంచి వంతుల పుస్తకం తీసింది, మైకు పేరు ఎదురుగా ఇంకో టిక్కు పెట్టబోయి ఆగిపోయింది. ఒళ్ళంతా ఒక రకమైన వెగటు పాకింది ఆవిడకి, తనంటే తనకే.

మంగళవారం పొద్దున్నే హెడ్మాస్టరు గదికి వెళ్ళింది. ఆయన చెడ్డమనిషి కాదు. స్టాఫుకి ఒంట్లో బాగోకపోతే ఆయనే ఆ క్లాసుకెళ్ళి కూర్చుంటాడు, పిల్లల చెప్పులు తెగితే తన జేబులోని పిన్నీసు పెట్టి బిగిస్తాడు. సమస్య ఏదైనా కాగితం మీద కనిపించకుండా పోతే లేనట్టేనని ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నేర్చుకున్నాడు, అంతే. మేడం పుస్తకం ఆయన ముందు తెరిచి రెండు పేజీలూ చూపించింది. మార్కులు టిక్కుల లెక్కన వేశానని, టిక్కులు తను పిలిస్తేనే పడతాయని, తను పిలవలేదని చెప్పింది. ఆడపిల్లలు మాట్లాడలేక కాదు, మాట్లాడే వంతు రాక మార్కులు పోయాయంది. మార్కులు దిద్దాలంది.

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని అంకెలు చూశాడు. దిద్దాలంటే తప్పు జరిగిందని ఉత్తరం రాయాలి, దాని మీద తన సంతకం ఉండాలి, గురువారం సాయంత్రం అయిదు లోపల జిల్లా ఆఫీసులో చేరాలి. ఆ గడువు దాటితే దేవుడు దిగొచ్చినా మారవు. అదే గురువారం పరిశీలకులొస్తున్నారు. 'సమాన తరగతి' బడి నుంచి అదే రోజు అసమానం జరిగిందని ఉత్తరం వెళితే ఎలా ఉంటుందో ఆలోచించమన్నాడు.

"ముందు గురువారం గండం గట్టెక్కనివ్వండమ్మా," అన్నాడు. "వాళ్ళు వెళ్ళగానే కూర్చుని చూద్దాం. ఆ ఫారం ఇలా ఇవ్వండి, ఏడో ప్రశ్న నేను నింపుతాను."

"ఏమని నింపుతారు సార్?"

"సమానత్వం ఫారం కదా, సమానంగానే నింపాలి." ఆయన మొత్తం అయిదువందల పదిహేనుని కాగితం ముక్క మీద రెండు భాగాలు చేశాడు. మగపిల్లలకి రెండువందల యాభై ఎనిమిది, ఆడపిల్లలకి రెండువందల యాభై ఏడు. "ఒకటి తేడా ఉండాలమ్మా. లేకపోతే నిజంలా ఉండదు."

వాళ్ళు వెళ్ళగానే చూద్దామన్నాడు కదా, కాదనలేదు కదా అని మేడం మనసుకి సర్దిచెప్పుకుంది. ఫారం మీద తన సంతకం చేసి ఇచ్చి వచ్చేసింది.

బుధవారం బడి అయ్యాక లాండ్రీకి వెళ్ళింది. ఎందుకు వెళుతోందో దారి పొడుగునా ఆవిడకే స్పష్టంగా లేదు. క్షమాపణ అడగాలంటే విద్యార్థిని అడగడం ఎలాగో ఆవిడకి ఎవరూ నేర్పలేదు. పిల్లని నిలదియ్యాలంటే నిలదియ్యాల్సింది తననే.

లాండ్రీ అంటే రోడ్డు మీదికి తెరుచుకున్న ఒకే గది. ముందు బల్ల, బల్ల వెనక నీళ్ళు కారే పెద్ద మిషను, దాని వెనక తాళ్ళ మీద చొక్కాలు. పిల్ల తల్లి బల్ల మీద ప్యాంట్లు మడత పెడుతూ, మేడంని చూసి చేతులు కొంగుకి తుడుచుకుని స్టూలు జరిపింది. పిల్ల ఇస్త్రీ చేస్తోంది. చొక్కా కాలరు ముందు లోపలి వైపు రుద్ది, తర్వాత పైకి తిప్పి, ఆ తర్వాత భుజం, ఆ తర్వాత చేతులు. పెట్టె ఎత్తినప్పుడల్లా నుదుటి చెమటని మోచేత్తో తుడుచుకుంటోంది. గుసగుస కూడా అక్కడే ఉంది, కింద కూర్చుని గుండీలు ఊడిన చొక్కాలకి గుండీలు కుడుతోంది. మేడంని చూడగానే ఇద్దరూ లేచి నిలబడ్డారు, క్లాసులో లాగే, ఒక్క మాట లేకుండా.

మిషను పైన సబ్బు డబ్బా కింద హాస్టల్ కాలేజీ దరఖాస్తు కనిపించింది. నీలం అక్షరాల్లో అంతా నింపేసి ఉంది, మాట్లాడే మార్కుల గడి ఒక్కటే ఖాళీ. దాని కింద ఇంకొక ఫారం కూడా ఉంది. ఒకటి పాడైతే పనికొస్తుందని రెండోది తెచ్చుకుందేమోననుకుంది మేడం.

తల్లి దాపరికం లేకుండా మాట్లాడింది. పెద్దవాడు చెల్లెలికి బట్టలు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో పని చూసి పెట్టాడు. సీటొస్తే సరే, లేకపోతే వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి అక్కడికి. వాడు రాక్షసుడేం కాదని, ఇంటికి వాడే ఆధారమని, ఫ్యాక్టరీకి ఇచ్చిన మాట ఊరికే వెనక్కి తీసుకోలేమని చెప్పింది. "బళ్ళో నోటీసు బోర్డు మీద తన మార్కు తొమ్మిదని చూసొచ్చిందండి," అంది చివర్న. "ఏడవలేదు. వచ్చి ఇస్త్రీ పెట్టె పట్టుకుంది. ఏడిస్తే బాగుండుననిపించింది."

 మేడం పిల్ల వైపు తిరిగి, జవాబులు తెలిసీ ఎడమ చెయ్యి ఎందుకెత్తుతావని అడిగింది.

పిల్ల ఇస్త్రీ పెట్టె పక్కన నిలబెట్టింది. "మీరే చెప్పారు కదా మేడం."

"తెలియనివాళ్ళని ఎత్తమన్నాను."

"అది మొదట్లో. తొమ్మిదో తరగతిలో ఒకరోజు మీరు గోడ వైపుకొచ్చి చెప్పారు. టైము తక్కువగా ఉంది, మిమ్మల్ని పిలవకపోయినా మీరు ఊరుకుంటారు, వాళ్ళని పిలవకపోతే క్లాసు పీకి పందిరేస్తారు. మీరు బుద్ధిమంతులు కదా, ఎడమ చెయ్యెత్తండి, అన్నారు." పిల్ల గొంతులో కోపం లేదు. హోంవర్కు ఏమిచ్చారో చెప్పినట్టు చెప్పింది. "మళ్ళీ మార్చుకోమని మీరు చెప్పలేదు మేడం."

గుసగుస సూది మీదికి వంచిన తలని అవునన్నట్టు ఊపింది.

మేడంకి ఆ రోజు గుర్తు లేదు. గొంతు నెప్పిగా ఉన్న రోజో, పరీక్షలు దగ్గరపడ్డ రోజో, అలాంటి రోజులు ఎన్ని ఉంటాయి. ఆవిడకి మామూలు మధ్యాహ్నం, ఆ పిల్లలకి రెండేళ్ళు. మంచితనానికి వాళ్ళకి దొరికిన బహుమానం అది. తల్లి టీ తెమ్మంటానంటే వద్దని లేచింది. రేపు నీ మార్కు సరిచేయిస్తానని పిల్లతో చెప్పింది. పిల్ల తలూపింది గానీ, నమ్మినట్టు లేదు.

గురువారం పన్నెండు గంటలకి పరిశీలకులొచ్చారు. ఒకావిడ వయసులో పెద్దది, మెడలో తాడుకి కట్టిన కళ్ళద్దాలు. రెండో ఆయన లావుపాటి మనిషి, ఒళ్ళో అట్ట పెట్టుకుని అన్నీ రాసుకుంటాడు. వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు. హెడ్మాస్టరు తలుపు దగ్గర నిలబడ్డాడు, మొహం మీద నవ్వు ముందే పెట్టుకుని.

పాఠం నూనె వేసిన యంత్రంలా సాగింది. విమానం బొమ్మ, చంటిబిడ్డ బొమ్మ, బస్సు బొమ్మ. ముప్ఫై రెండు చేతులు. మైకు తన ఆరు వాక్యాలూ చెప్పాడు, లావుపాటాయన రాసుకున్నాడు. ఇంకో అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అయిపోతే హెడ్మాస్టరు కూర్చుని చూద్దామంటాడు, చూస్తాడు, సంతకం పెట్టకపోవచ్చు. వీళ్ళ ముందు నిజం పడితే ఇక కప్పిపెట్టడం ఆయన తరం కాదు. ఈ ఆలోచన మేడంకి పొద్దున్న బస్సులోనే వచ్చింది. అట్ట చుట్టి పక్కన పెట్టింది.

రిహార్సల్లో లేని ప్రశ్న ఇంగ్లీషులో వేసింది. ఈ క్లాసులో ఎవరు ఎక్కువ మాట్లాడతారు?

అలవాటుగా చేతులన్నీ లేచాయి. కిటికీ వైపు కుడి, గోడ వైపు ఎడమ. మేడం చివరి బెంచీలోని ఎడమ చేతిని పిలిచింది.

ఆడపిల్లల బెంచీల్లో చిన్న కదలిక పుట్టింది. ఎడమ చేతిని పిలవడం అంటే మూడేళ్ళ మాట తప్పడం. మైకు వెనక్కి తిరిగి చూశాడు. ఇస్త్రీ పిల్ల చెయ్యి దించకుండానే లేచి నిలబడింది, తర్వాత దించింది. ఈ ఏడాది నిన్ను ఎన్నిసార్లు మాట్లాడమన్నానో చెప్పమంది మేడం.

 పిల్ల ఇంగ్లీషులో చెప్పింది. మెల్లగా, ఒక్కొక్క వాక్యం మడత పెట్టి పక్కన పెడుతున్నట్టు, ఎక్కడా తడుముకోకుండా. తొమ్మిదిసార్లు. అందులో ఏడుసార్లు పాఠం పైకి చదవడం. ఒకసారి బోర్డు మీద తారీఖు చదవమన్నారు. ఒక్కసారి మాత్రం ప్రశ్న వేశారు, వర్షాల గురించి. నేను మొదలుపెట్టేలోపు గంట కొట్టారు. ఆ జవాబు నాకింకా గుర్తుంది. మేము మాట్లాడలేక ఊరుకోలేదు, ఊరుకోమంటే ఊరుకున్నాం. ఊరుకున్నందుకు తొమ్మిది మార్కులొచ్చాయి.

కూర్చుంది.

తలుపు దగ్గర హెడ్మాస్టరు నవ్వు మొహం మీదే ఎండిపోయింది.  అప్పుడు వెనకనించి చప్పట్లు మొదలయ్యాయి. కళ్ళద్దాలావిడ లేచి నిలబడి మరీ కొడుతోంది. లావుపాటాయన కలం జేబులో పెట్టి తనూ కలిశాడు. అది చూసి హెడ్మాస్టరు, ఆయన్ని చూసి మైకు, మైకుని చూసి క్లాసంతా చప్పట్లు కొట్టారు.

స్టాఫ్‌రూములో బిస్కట్లు ముందు పెట్టుకుని కళ్ళద్దాలావిడ మెచ్చుకోని మాట లేదు. ఇన్ని బళ్ళు తిరిగాం గానీ సమస్యని ఇలా ఆడించి చూపించిన టీచరు లేదంది. టీచరు తననే దోషిగా నిలబెట్టుకోవడం ఎంత గొప్ప ఊహో అంది. ఆ పిల్ల చేత ఎన్నాళ్ళు ప్రాక్టీసు చేయించారని అడిగింది.

"అది ఆడించింది కాదండి," అంది మేడం. "నిజం. నేను నిజంగానే తొమ్మిదిసార్లే పిలిచాను. పుస్తకం ఉంది, చూపిస్తాను."

కళ్ళద్దాలావిడ ఆప్యాయంగా మేడం చెయ్యి పట్టుకుంది. "అదేనమ్మా నేనంటున్నది. అంత నిజంలా ఉంది. మీ లెక్కలు ఫారంలో చూశాం కదా, రెండువందల యాభై ఎనిమిది, రెండువందల యాభై ఏడు. ఇంత సమానంగా చూసే మనిషి కాబట్టే ఇంత ధైర్యంగా చెయ్యగలిగారు." ఆవిడకి ఇంకో బడికి టైమైపోతోంది. లావుపాటాయన నివేదిక బల్ల మీద పెట్టాడు. కింద టీచరు సంతకం చేస్తే రేపే ప్రశంసాపత్రం. హెడ్మాస్టరు సాయంత్రంలోగా సంతకం చేయించి పంపుతానని వాళ్ళని కారు దాకా సాగనంపి వచ్చాడు.

మేడం అప్పటికే ఉత్తరం రాసి పెట్టుకుంది. పదహారు పేర్లు, పదహారు పాత మార్కులు, ఒక పేరా క్షమాపణ. గోడ మీద గడియారం మూడుంపావు చూపిస్తోంది. జిల్లా ఆఫీసు బస్సులో ముప్పావు గంట.

హెడ్మాస్టరు ఉత్తరం నిలబడే చదివాడు. "ఇప్పుడిది పంపితే వాళ్ళు రాసిన నివేదిక అబద్ధమవుతుంది. ఫారం అబద్ధమవుతుంది, దాని మీద మీ సంతకముంది. పదహారు మార్కులు దిద్దితే దాన్ని తప్పనరమ్మా, విచారణ వేస్తారు. విచారణ అయ్యేసరికి ఏ కాలేజీ కూడా ఏ దరఖాస్తూ తీసుకోదు."

మేడం నివేదిక ఆయన వైపు తోసింది. తన సంతకం లేకుండా ప్రశంసాపత్రం రాదని, తను చెయ్యనని చెప్పింది. 

ఆయన కుర్చీలో కూలబడ్డాడు.  తర్వాత డ్రాయరులోంచి తెల్ల కాగితం తీసి తనే నాలుగు వరసలు రాశాడు. ఇస్త్రీ పిల్ల మార్కు పంతొమ్మిది, నకలు తీసేటప్పుడు ముందున్న ఒకటి అంకె జారిపోయి తొమ్మిదిగా పడింది, చేతిపొరపాటుకి చింతిస్తున్నాం.

"ఒకరిదైతే పొరపాటు," అన్నాడు. "దరఖాస్తు పెట్టిందీ ఆ పిల్లే కదా. మిగతావాళ్ళకి పదొచ్చినా పదిహేనొచ్చినా పోయేదేముంది? మీరు నివేదిక మీద సంతకం చెయ్యండి, నేను ఈ ఉత్తరం మీద చేస్తాను. ఇంతకన్నా నా చేతుల్లో లేదు."

మూడున్నర కావొస్తోంది. ఇంకెవరైనా దరఖాస్తు పెట్టారేమో కనుక్కోవాలని ఆవిడకి తట్టలేదు. బస్సు దొరుకుతుందా లేదా అన్నదొక్కటే తట్టింది. మేడం నివేదిక మీద సంతకం చేసింది. తను రాసిన ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి వంతుల పుస్తకంలో దాచింది. అయిదుకి పది నిమిషాలుందనగా జిల్లా ఆఫీసు గుమాస్తా కాగితం మీద ముద్ర కొట్టి, రసీదు చింపి ఇచ్చాడు.

శుక్రవారం పొద్దున్న గేటు దగ్గరే ఇస్త్రీ పిల్లకి చెప్పింది, పంతొమ్మిది అయిందని. పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. ఏదో అడగబోయి ఆగింది. లోపలికి, క్లాసుల వైపు ఒకసారి చూసి, థాంక్సండి అంది. సంతోషం పట్టలేక మాట రావట్లేదనుకుంది మేడం. తనకీ గుండెల మీంచి ఏదో దిగినట్టుంది. పదహారింట ఒక్కటి. ఒక్కటైనా.

క్లాసు తలుపుకి ప్రశంసాపత్రం నకలు అంటించి ఉంది. జిగురింకా తడిగా ఉంది. మేడం లోపలికెళ్ళి, ఈ రోజు నుంచి ఎడమ చెయ్యి, కుడి చెయ్యి పద్ధతి లేదని చెప్పింది. మాట్లాడాలనుకున్నవాళ్ళు కుడి చెయ్యెత్తండి, వద్దనుకుంటే ఏ చెయ్యీ ఎత్తొద్దు. గోడ వైపు నుంచి ఎత్తితే ముందు వాళ్ళనే పిలుస్తాను. కిటికీ వైపు గొడవ మొదలైంది. ఆవిడ ఊరుకుంది. గొడవ దానంతటదే సద్దుమణిగే దాకా నిలబడింది. అలా నిలబడొచ్చని ఇరవై ఏళ్ళలో మొదటిసారి తెలిసింది.

పాఠంలోంచి చిన్న ప్రశ్న వేసింది. గోడ వైపు బెంచీల్లో ఏ చెయ్యీ లేవలేదు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మేడం ఇంకా ఆగింది. అప్పుడు చివరి బెంచీలోంచి ఒక కుడి చెయ్యి లేచింది. గుసగుసది. పక్కనున్న ఇస్త్రీ పిల్ల వద్దన్నట్టు ఆ పిల్ల లంగా అంచు పట్టుకుని లాగింది.

మేడంకి కళ్ళు చెమర్చినంత పనైంది. చెప్పమ్మా అంది.

గుసగుస లేచింది. ప్రశ్నకి జవాబు చెప్పలేదు. ఎప్పుడూ చెవిలో తప్ప వినపడని గొంతు గది ఆ చివర దాకా వినపడింది.

"నాకు పదకొండు వేశారు మేడం. నేను కూడా హాస్టల్ కాలేజీకి దరఖాస్తు నింపుకున్నాను. నాది దిద్దారా?"

మిషను మీద సబ్బు డబ్బా కింద రెండో ఫారం మేడంకి కళ్ళకి కట్టినట్టు కనిపించింది. అది ఎవరి చేతిరాతో వంగి చూడటానికి ఒక్క క్షణం పట్టేది కాదు. ఇస్త్రీ పిల్ల తల వంచుకుని డెస్కు మీద గీతలు చూస్తోంది.

"గడువు నిన్నటితో అయిపోయిందమ్మా," అంది మేడం. 

"తెలుసు మేడం. మాట్లాడాలనుకుంటే కుడి చెయ్యెత్తమన్నారు కదా, అందుకని ఎత్తాను."

కూర్చుంది.  మేడం బల్ల దగ్గరికి నడిచి వంతుల పుస్తకం తెరిచింది. మడిచి దాచిన ఉత్తరం జారి కింద పడింది, తియ్యలేదు. పేజీ తిప్పి గుసగుస పేరు వెతికింది. పేరు ఎదురుగా పదకొండు టిక్కులున్నాయి, తొమ్మిదింటి పక్కన 'చ'. కలం మూత తీసి పన్నెండోది పెట్టింది.